పూడిన బీట

"ఈ దరిద్రాన్ని ఇంకా ఎన్నాళ్లు ఇంట్లో పెట్టుకుంటారండీ? అమ్మి అవతల పారెయ్యండి."

మొగుడు కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గేర్‌బాక్స్ కేసింగ్ అడుగున జానెడు బీట. పాత ఆయిల్ చుక్క మిగలకుండా దించేశాడు. బీట ఇంకా పాకకుండా రెండు కొసలా సన్నటి బెజ్జాలు వేశాడు. పెట్రోలుతో జిడ్డు కడిగి, గరుకు కాగితంతో గీకి, ఇనుముకి వాడే బంక కూరాడు. అది రాయిలా గట్టిపడేదాకా కారు దరిదాపులకి ఎవర్నీ రానివ్వలేదు, ఆఖరికి పక్కింటి పిల్లిని కూడా. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

ఆమెకిప్పుడు ఏడో నెల. టాక్సీలో పోదాం, అమ్మని పిలిపించుకుందాం, ఆస్పత్రి పక్కనే గది తీసుకుందాం అని రోజుకో దారి చెబుతూనే ఉంది. అతను దేనికీ ఒప్పుకోలేదు.

"పోయినసారి రోడ్డు మీద నిలబడి ఎన్ని టాక్సీలకి చెయ్యెత్తానో మర్చిపోయావా?" అన్నాడు కిందనుంచే.

మర్చిపోయేదా అది! పోయినసారి నొప్పులొచ్చి ఆస్పత్రికి వెళ్తుంటే ఉన్న ఆయిలంతా కారిపోయి, వంతెన మధ్యలో కారు ఆగిపోయింది. గేర్‌బాక్స్ ఆయిల్ ఆ కారులో ఎర్రగా ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు పొడవునా ఎర్రటి చుక్కలు. కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే పిల్ల దక్కేదని డాక్టరమ్మ అంది. అంతకు ముందు నెలంతా ఇంటి ముందు మరకలు పడుతుంటే, రేపు చూద్దాంలే అని వాయిదా వేసింది అతనే. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాడు పాపం.

అప్పట్నుంచీ కారు కింద దూరినప్పుడల్లా అతనికో ఏడుపు వినిపిస్తుంది. సన్నగా, పసిగుడ్డు ఏడుపు. జాకీ కిర్రుమంటోందని సర్దిచెప్పుకుని దానికి గ్రీజు పెట్టాడు. ఏడుపు ఆగలేదు. ఈ సంగతి పెళ్లానికి చెప్పలేదు. ఆమె ఆ కారు వెనక సీటు వైపు చూడనే చూడదని అతనికి తెలుసు. ఎందుకని అతనూ అడగలేదు. మొగుడూ పెళ్లాలు ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే పిల్లకి భయపడుతున్నారు.

ఇక మిగిలింది కొత్త ఆయిల్ పొయ్యడం. పైనుంచి ఒకరు పోస్తుంటే కిందనుంచి ఒకరు బీటని కనిపెట్టి చూడాలి. బానెట్ ఎత్తి, గొట్టంలో గరాటు దూర్చి పెట్టాడు. నీకెందుకు ఈ పని, ఎదురింటాయన్ని పిలుస్తానంటే ఆమె వినలేదు. నేనేమన్నా బస్తాలు మొయ్యాలా, ఇంత ఆయిల్ పొయ్యలేనా అని డబ్బా అందుకుంది.

"నెమ్మదిగా పొయ్యి. ఒక్క చుక్క కారినా ఆపమంటాను."

"సరేలెండి."

అతను టార్చి వేసి బీట మీద పెట్టాడు. ముందు చక్రాల మధ్యనుంచి ఆమె పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఎండ గేటు దాటి లోపలికొచ్చింది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. అంతలో ఏడుపు మొదలైంది. ఎప్పటిలా సన్నగా కాదు, ఈసారి గుక్కపట్టి ఏడుస్తోంది. అతను పళ్లు బిగించి బీటనే చూస్తున్నాడు. పొడిగా ఉంది. అమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడే కింద పరిచిన అట్ట అంచున, ఆమె పాదాల పక్కన, ఎర్రటి చుక్క పడింది.

ఆయిల్ కారిన చోటే పడదు. అడుగు పట్టుకుని పాకి, ఎక్కడో దూరంగా జారుతుంది. గుడ్డ తీసి కేసింగ్ అంతా తుడిచాడు. గుడ్డకేమీ అంటలేదు. ఇంకో చుక్క పడింది. ఆ వెంటనే మరొకటి. చెవిలో ఏడుపు ఆగడం లేదు. ఇంత చేసినా ఈ కారు తన పిల్లని మళ్లీ మింగేట్టుందని అతనికి ఏడుపొచ్చింది.

"ఆపు," అన్నాడు. "ఇక పొయ్యకు. కారుతోంది."

పైనుంచి ఆమె ఆయాసపడుతూ అంది.

"నేనింకా పొయ్యనే లేదే? ఈ డబ్బా మూతే రావడం లేదండీ."