వేడి చల్లారేలోగా

వంటింట్లో ముగ్గురున్నారు. అందులో ఇద్దరికి మాటల్లేవు.

"అమ్మా, ఓవెన్ ఖాళీయేనా అని ఆవిడనడుగు," అన్నాడు కొడుకు, ఆవిడ పక్కనే నిలబడి.

"ఖాళీయేనని చెప్పండత్తయ్యా," అంది కోడలు.

పోయిన ఆదివారం కొత్త పాలగిన్నెలో కిరసనాయిలు పోసి, రిమోట్‌తో పందేల్లో నడిపే తన రేసు బొమ్మకారు ఇంజిన్ కడిగాడు మహానుభావుడు. అప్పట్నుంచీ ఎడమొహం, పెడమొహం. ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోయలేక పెద్దావిడకి తలప్రాణం తోకకొస్తోంది. వీళ్ళకి ఇదే అలవాటైపోతుందేమోనని ఆవిడ భయం.

రేపే రేసు. పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజిన్ కరకరలాడింది. విప్పి చూస్తే బేరింగు నిండా ఇసుక.

"బాల్కనీలో కారు పెట్టడం నాదే బుద్ధితక్కువ. పక్కింటి పిల్లి పూలకుండీలన్నీ కెలికేస్తోంది," అని పళ్ళు నూరాడు.

కొత్త బేరింగుని ఫ్రీజర్లో పెట్టాడు. బిగుసుకున్న పాత బేరింగు తప్ప లోపలి సామానంతా తీసేసి, ఇంజిన్ కేసుని ఓవెన్లో పెట్టాడు. వేడికి కేసు కాస్త సాగుతుంది, చలికి బేరింగు కాస్త ముడుచుకుంటుంది. అప్పుడైతేనే ఒకదాంట్లో ఒకటి ఇముడుతుంది.

ఓవెన్ గంట కొట్టింది. మందపాటి గ్లవుజులతో కేసుని బయటికి తీసి చెక్క మీద తట్టాడు. పాత బేరింగు రాలిపడింది. ఇక చొక్కా గుండీ అంత కొత్తదాన్ని వేడి చల్లారేలోగా వెయ్యాలి. గ్లవుజు వేళ్ళకి అది చిక్కదు.

"అమ్మా, ఆ బేరింగు తెచ్చి ఇందులో వెయ్యవే."

"నా చేతులు వణుకుతాయిరా నాయనా. ఎక్కడో పడేస్తాను."

"అయితే ఆవిడని..." కేసు చల్లారిపోతోంది. "ఏమోయ్, త్వరగా తీసుకురా!"

కోడలు అప్పటికే ఫ్రీజర్ తెరిచింది. "ముందు మీరు కదలకుండా పట్టుకోండి. ప్రతిసారీ చెప్పాలి మీకు."

బేరింగు టక్కుమని కూర్చుంది. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

"మాట్లాడనన్నావుగా?"

"మీతో ఎవరు మాట్లాడారు? బేరింగుతో మాట్లాడాను," అంటూనే నవ్వేసింది.

"రేపు రేసుకొస్తావా మరి?"

"కొత్త గిన్నె కొనిపెడితే వస్తా."

"రెండు కొంటాను. ఒకటి నాకు."

"మళ్ళీ మొదలెట్టారూ," అంది కోడలు, ఇంకా నవ్వుతూనే.

పెద్దావిడ మెల్లిగా బాల్కనీలోకి వెళ్ళి, కళ్ళజోడు పెట్టెలో మిగిలిన ఇసుకని, ఏమాత్రం వణకని చేత్తో, ఒక్క రేణువు కింద పడకుండా పూలకుండీలో పోసేసింది.