నిమ్మకాయకు నాలుగు నీడలు

హలో, వినబడుతోందా? అందరూ బాగున్నారు కదా! రెండు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టకండి. మా చండ్రుగొండ వైపు ముచ్చట ఒకటి చెబుతాను.

వెంకటనారాయణ తన బావమరిది వీరబాబు చేతిలో వరసగా మూడోసారి ఓడిపోయాడు. ఇంట్లో బిలియర్డ్స్ బల్ల వేయించి నెల కూడా కాలేదు.

"లైటు బాగాలేదు," అన్నాడు కర్రను గోడకు ఆనించి. "ఈ ట్యూబులైటు కింద ఆడితే ఎవడైనా ఓడతాడు."

"అదే ట్యూబులైటు కింద నేను గెలిచాను కదా బావా!" అన్నాడు వీరబాబు.

భార్య నిర్మలాదేవి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఆ గది ఆమె మిర్చి బస్తాల కోసం కట్టించుకున్నది. అది కాస్తా మొగుడి ఆటకు పోయిందని లోపల ఉడికిపోతోంది.

"సరేనండీ. మీకు నచ్చిన లైటే పెట్టించుకోండి. వచ్చే ఆదివారం మళ్లీ ఆడండి. అప్పుడు కూడా ఓడారా, సోమవారం పొద్దున్నే బల్ల బయటికి, బస్తాలు లోపలికి."

"మా అక్క మాటంటే మాటే," అని వీరబాబు చప్పట్లు కొట్టాడు.

వెంకటనారాయణకు అప్పుడు సీతయ్య గుర్తొచ్చాడు. ఆ బల్ల బొగ్గుగనుల ఆఫీసర్ల క్లబ్బు వేలంలో కొన్నది. ఆ క్లబ్బులో ముప్పై ఒక్క ఏళ్లు ఈ బల్ల దగ్గరే గడిపిన మనిషి సీతయ్య అని అక్కడివాళ్లు చెప్పారు. అటువంటివాడు పక్కనుంటే ఇక తిరుగేముంది? కారు పంపించి మరీ పిలిపించాడు.

సీతయ్య చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు. బల్ల మీది ఆకుపచ్చ బట్టను అరచేత్తో నిమిరాడు. "మంచిగున్నవా?" అని బల్లనే అడిగాడు.

"ఒక ఆట ఆడి చూపిస్తావా సీతన్నా?"

"ముందుగాల లైటు సంగతి చూద్దాం పాండ్రి సారూ."

ఇద్దరూ ఖమ్మం వెళ్లారు. షాపతను బంగారు రంగు గొలుసులు వేలాడే పెద్ద దీపాల గుత్తి వెలిగించాడు. దాంతోపాటు వెంకటనారాయణ కళ్లూ వెలిగాయి.

"గిది పెండ్లి హాలుకు సారూ," అన్నాడు సీతయ్య. సంచిలోంచి నిమ్మకాయ తీసి దీపం కింద పెట్టాడు. "చూడుండ్రి. కాయ ఒక్కటి, నీడలు నాలుగు. దేన్ని గొడ్తరు?"

తర్వాతి దాని కింద నిమ్మకాయ సగమే కనబడింది. "నడిమిట్ల వెలుగిచ్చి మూలలకు చీకటి పెడ్తె ఎట్ల? మూలకు పోయిన బంతి ఏం పాపం జేసింది?"

"పెద్దాయనా, లైటు ఇంటికా, నిమ్మకాయకా?" షాపతను విసుక్కున్నాడు.

"నువ్వైతే వెలిగియ్యి బిడ్డా."

ఎనిమిదోది కుదిరింది. దాదాపు బల్లంత పొడుగు, పైన రేకు తొడుగు. నిమ్మకాయ చుట్టూ నీడ అన్నదే లేదు. "బల్లకు మూడడుగులకు జర తక్కువ ఎత్తుల కట్టిపియ్యాలె. వంగినోని కంట్ల వెలుగు పడొద్దు," అన్నాడు సీతయ్య.

ఆటవస్తువుల షాపులో కొత్త కర్రలన్నింటినీ గాజు బల్ల మీద దొర్లించాడు. తొమ్మిది ఎగిరెగిరి పడ్డాయి. తిన్నగా దొర్లిన రెండే తీసుకున్నాడు. బట్ట దులిపే బ్రష్షును తన చెంప మీద రుద్దుకుని చూశాడు. కర్ర కొనకు రాసే సుద్ద ఆకుపచ్చదే కావాలన్నాడు, బట్ట మీద మరక కనబడకుండా. వెంకటనారాయణ ఎర్ర అంకెలు మెరిసే స్కోరు బోర్డు చూపించాడు.

"నేనున్నంక బోర్డెందుకు సారూ?"

"పోనీ, ఈ కర్రతో ఇక్కడి బిలియర్డ్స్ బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టి చూడు."

సీతయ్య కర్ర కొనకు శ్రద్ధగా సుద్ద రాశాడు. రెండు చేతులతో తిరిగి అందించాడు. "మీరు గొట్టాలె సారూ."

ఎంత పెద్ద ఆటగాడికి అంత అణకువ, అనుకుని వెంకటనారాయణ మురిసిపోయాడు.

ఆదివారం వచ్చింది. కొత్త లైటు కింద గది పచ్చగా మెరిసింది.

"లైటు అదిరింది బావా. ఈసారి ఓడితే దేని మీద నెట్టేస్తావు? ఫ్యాను మీదా?"

ఆట మొదలైంది. ప్రతి దెబ్బకు ముందు వెంకటనారాయణ సీతయ్య వైపు చూశాడు. సీతయ్య వేలితో చూపించాడు. "గీడ. సన్నగ తాకియ్యుండ్రి." ఆట హోరాహోరీగా సాగి చివరికి నల్ల బంతి ఒక్కటే మిగిలింది. వీరబాబు గురి తప్పింది. నల్ల బంతి బల్ల అంచుకు అతుక్కున్నట్టు ఆగిపోయింది.

ఇది పడితే గది మిగిలినట్టే. వెంకటనారాయణ రెండుసార్లు వంగి గురి చూసి, మళ్లీ లేచాడు. నిర్మలాదేవి అప్పుడే ఏ మూల ఎన్ని బస్తాలు పడతాయో చూసుకుంటోంది.

"నావల్ల కాదు. నా బదులు నువ్వు కొట్టు సీతన్నా."

"నేనా సారూ?"

"కొట్టనీ బావా, నాకేం భయం!" అన్నాడు వీరబాబు.

సీతయ్య కర్ర అందుకున్నాడు. పట్టు కుదరక రెండుసార్లు మార్చి పట్టుకున్నాడు. పెద్ద వయసు కదా, అనుకున్నాడు వెంకటనారాయణ. సీతయ్య ఒకసారి లైటు వైపు, ఒకసారి బంతి వైపు చూశాడు.

"ఎడమ మూల," అని మెల్లగా చెప్పి కొట్టాడు.

నల్ల బంతి అంచు వెంబడి దొర్లుకుంటూ వెళ్లి, ఎడమ మూలలో టప్పున పడింది.

వెంకటనారాయణ ఆయన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. "బస్తాలు వరండాలోనే ఏడవనీయండి," అని నిర్మలాదేవి కూడా నవ్వేసింది. వీరబాబు చేతులు జోడించాడు.

"నీ ముందు మేమెంత పెద్దాయనా! క్లబ్బులో ఎన్ని కప్పులు గెలిచావు?"

సీతయ్య అప్పటికే నల్ల బంతిని బయటికి తీసి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, దాని చోట దాన్ని పెడుతున్నాడు.

"కప్పులెక్కడియి బాబూ, ఆఫీసర్లు గొట్టిన బంతులు ఏరి పెట్టుడు, అంకెలు సదువుడు నా నౌకరి, కర్ర వట్టి బంతిని గొట్టుడు ఇయ్యాల్నే మొదలు."

మీ గ్రూపుల్లో కూడా పంపండి మరి. చివరి మాట మాత్రం ముందే చెప్పేయకండేం!