గోలుపోస్టు వెనుక బావమరిది

మనిషి లోపలికి వెళ్ళవచ్చు, కెమెరా మాత్రం వెళ్ళకూడదు. స్టేడియం గేటు దగ్గర కాపలావాడు ఆ సంగతి చేతులతోనే తేల్చి చెప్పాడు.

"కెమెరా లేకుండా నాకు లోపలేం పని బావా?" అన్నాడు ఫొటోగ్రాఫరు, దాన్ని చంటిపిల్లలా గుండెకు హత్తుకుంటూ.

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను. ఆట మొదలైపోతోంది. దాన్ని ఆ సామాన్ల గదిలో పడేసి రా!"

"పెళ్ళిళ్ళలో అన్నం తినేటప్పుడు కూడా మెడలోంచి తియ్యను. ఇక్కడ తీస్తానా?"

బావకు ఏడుపొక్కటే తక్కువ. పచ్చ చొక్కాల జట్టంటే ఆయనకు చిన్ననాటినుంచీ ప్రాణం. కానీ ఆయన చూస్తుండగా ఆ జట్టు ఒక్కసారీ గెలవలేదు. టీవీ ముందు కూర్చుంటే ఓడేది. మంచినీళ్ళకని లేస్తే గోలు కొట్టేది. "మీ చూపే అంత" అని భార్య ఏనాడో తీర్పు చెప్పేసింది. ఈసారి తన కళ్ళెదుట గెలవకపోతే టీవీ రిమోటు జన్మంతా ఆమెదేనని ఒప్పుకుని, ఆయన మొదటిసారి విమానమెక్కి, సముద్రం దాటి, ఈ పరాయి నగరంలో దిగాడు. తోడుగా ఆమె తమ్ముణ్ణే తెచ్చుకున్నాడు.

నగరం నిండా జెండాలు, జెండాల నిండా గాలి. ట్రాము ఆగిన ప్రతిచోటా ముఖాలకు రంగులు పూసుకున్న గుంపులు. ఏ బోర్డు మీద ఏముందో తెలియదు, ఎవరు ఏ భాషలో అరుస్తున్నారో తెలియదు. అయినా పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరుకు ఊరు కొత్తగాని, గుంపు కొత్తా? నడివీధిలో నిలబడి, "పొట్టివాళ్ళు ముందుకి! జెండా పట్టుకున్నాయన కాస్త పక్కకి! గడ్డం పైకి, నవ్వాలి!" అని అచ్చ తెలుగులో గద్దించాడు. చిత్రమేమిటంటే, అందరూ విన్నారు. అప్పటిదాకా ఒకరి కాలరు ఒకరు పట్టుకున్న రెండు జట్ల అభిమానులూ చొక్కాలు సర్దుకుని, బుద్ధిగా వరసలో నిలబడ్డారు. ట్రాము కూడా ఆగింది.

ఇప్పుడు గేటు దగ్గరా అదే గొంతు లేచింది. ఆ గొంతు విని లోపలినుంచి ఒక అధికారి పరుగున వచ్చాడు. బారెడు లెన్సును చూశాడు. ఆలస్యంగా వచ్చిన పత్రికా ఫొటోగ్రాఫరే అనుకున్నాడు కాబోలు, తన భాషలో నాలుగు చీవాట్లు పెట్టి, పసుపుపచ్చని కోటు తొడిగి, వేరే తలుపులోంచి లోపలికి నెట్టేశాడు.

"బావా! ఎక్కడికో తీసుకెళ్తున్నారు!"

"వెళ్ళు నాయనా, వెళ్ళు! నేను తెలుసని మాత్రం ఎవరికీ చెప్పకు!"

తీరా బావ తన కుర్చీ వెతుక్కుని కూర్చునేసరికి, సరిగ్గా ఎదురుగా, మెట్ల కింద, గోలుపోస్టు వెనుక పత్రికలవాళ్ళ వరసలో, చిన్న స్టూలు మీద బావమరిది.

"బావా! ఎంత వెలుతురో చూశారా! ఏ కల్యాణమండపంలోనూ ఇంత లేదు!"

"అటు తిరగరా!"

"ఒక్కడూ నిలవట్లేదు బావా! ఎలా తియ్యను?"

"నిలబడితే దాన్ని ఆటంటారట్రా?"

ఆట సాగింది. పచ్చ చొక్కాలు ఒక గోలు కొట్టాయి. బావ సంతోషించలేదు, భయపడ్డాడు. తన చూపు తగలకుండా ఒక కన్ను మూసుకున్నాడు. కాసేపటికి రెండోదీ సగం మూశాడు. అలా కంటి కొసలతో చూస్తూ చివరి నిమిషందాకా లాక్కొచ్చాడు. సరిగ్గా అప్పుడే ఎదుటి జట్టు ఎర్ర చొక్కాలకు పెనాల్టీ దొరికింది.

ఇది గోలైతే సమానం. తప్పితే పచ్చ చొక్కాలదే గెలుపు.

స్టేడియమంతా మూగబోయింది. ఎర్ర చొక్కా ఆటగాడు బంతిని సర్ది పెట్టాడు. వెనక్కి నడిచాడు. ముందుకు ఉరికాడు. అంతటి నిశ్శబ్దంలో, ఒకే ఒక్క గొంతు ఖంగున మోగింది:

"ఎర్ర చొక్కా బాబూ! ఇటు, ఇటు! గడ్డం పైకి! నవ్వాలి!"

కాలెత్తిన ఆటగాడు తల తిప్పాడు. గడ్డమెత్తాడు. నవ్వాడు. ఫ్లాష్ మెరిసింది. బంతి గోలుపోస్టును దాటి, దీపాలను దాటి, ఎక్కడో పైవరస జనంలో పడింది.

బావ కుర్చీ ఎక్కాడు. పక్కాయన్ని కౌగలించుకున్నాడు. ముందాయన బట్టతలను ముద్దుపెట్టుకున్నాడు. "మా బావమరిదండీ! మా ఆవిడకు స్వయానా తమ్ముడు! నేనే తీసుకొచ్చాను!" అని కనిపించిన ప్రతివారికీ తెలుగులో చెప్పుకున్నాడు.

ఇంతలో ఈల మోగింది.

రిఫరీ గబగబా గోలుపోస్టు వెనక్కి వచ్చాడు. ఫొటోగ్రాఫరు స్టూలు మీదనుంచి లేచాడు. చేతులు తిప్పుతూ, వేళ్ళు చూపుతూ, కెమెరా వెనుక తెర చూపిస్తూ ఏదో గట్టిగా చెప్పాడు. రిఫరీ చూశాడు. తలాడించాడు. వెళ్ళి, బంతిని తెప్పించి, మళ్ళీ అదే చుక్క మీద పెట్టించాడు. పచ్చ చొక్కా గోలుకీపరు నేలమీద చతికిలబడ్డాడు.

బావ మెట్లన్నీ దూకి, కమ్మీ పట్టుకుని వంగాడు. "ఒరేయ్! మళ్ళీ తన్నిస్తున్నారేంట్రా? నిన్నేమైనా తిట్టారా?"

"నన్నెందుకు తిడతారు బావా? మళ్ళీ తన్నించమని, ఈసారి నావైపు కాదు, తిన్నగా బంతివైపు చూసి తన్నమని నేనే చెప్పాను. ఇందాకటి ఫొటోలో ఫ్లాషుకి కళ్ళు మూసేశాడు!"