గడ్డం గీసుకునే కోడలు

"గడియ తియ్యమ్మా. గడ్డం గీసుకునేవాళ్లు ఇద్దరైతే ఇంటికి ఒక్క బాత్రూం ఏం సరిపోతుంది?" అంది అత్తగారు బయటినుంచి.

లోపల కోడలు రేజరు కడిగి సబ్బుపెట్టె వెనక దాచింది. ఏడాదిగా ఇదే బతుకు. కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగం మానేసింది. ఎవరైనా వస్తే వంటింట్లో దూరేది. కిటికీ దగ్గర నిలబడాలన్నా భయమే.

భర్త మాత్రం మంచివాడు. "నేను కాబట్టి సర్దుకుపోతున్నాను" అని రోజుకోసారి గుర్తు చెయ్యడం తప్ప పల్లెత్తు మాట అనేవాడు కాదు. రోజూ పడుకున్నాక అతని భుజంలో ముఖం దాచుకుని ఏడ్చేది. ఆ ఆసరా కూడా లేకపోతే ఏమైపోయేదాన్నో అనుకునేది.

"ఈ డాక్టరు కూడా తేల్చకపోతే పుట్టింటికి పంపేద్దాం. మావాడికింకా వయసుంది," అని అత్తగారు చెప్పేసింది. భర్త కాదనలేదు.

సాయంత్రం ముగ్గురూ వెళ్లారు. డాక్టరమ్మ రిపోర్టులన్నీ తిరగేసింది.

"మీరొక్కరే అనుకోకండి. వందమంది ఆడవాళ్లలో అయిదుగురికో పదిమందికో ఉంటుంది, పైకి చెప్పుకోరంతే. కొందరికి వంశంలో వస్తుంది, కొందరికి అండాశయాల్లో తేడా వల్ల, కొందరికి మందుల వల్ల. మీకవేవీ లేవు. మగ హార్మోను మాత్రం బాగా ఎక్కువుంది. మధ్యలో ఎప్పుడైనా తగ్గిందా?"

"మా అమ్మ దగ్గర కొన్నాళ్లున్నప్పుడు తగ్గిందండీ. తిరిగొచ్చాక మళ్లీ మామూలే."

"అంటే మేం అన్నంలో ఏదో కలిపి పెడుతున్నామనా?" అంది అత్తగారు.

"తిండి వల్ల కాదండీ," అంది డాక్టరమ్మ. "ఒంట్లో సత్తువ తగ్గిందని కొందరు మగవాళ్లు ఈ హార్మోను జెల్ ఒంటికి రాసుకుంటారు. రాసుకున్నచోట ఎవరైనా ముఖం ఆనిస్తే అది వాళ్ల ఒంట్లోకి పోతుంది. మీ ఇంట్లో ఎవరైనా వాడుతున్నారా?"

అత్తగారు పకపకా నవ్వింది. "మా ఇంట్లో మగాడంటే మావాడొక్కడే. వాడికేం లోటు?"

కోడలికి ప్రాణం చివుక్కుమంది. తన మూలంగా ఆయన ఇలాంటి మాట కూడా పడాల్సి వచ్చింది.

"ఆయన్నేం అనకండి డాక్టరుగారూ," అంది తలొంచుకుని. "నన్ను ఇంకా దగ్గరికి తీసుకునేది ఆయనొక్కరే."

"నేను రాసుకునేది భుజాలకేనండీ," అన్నాడు భర్త.