పిలిచినా పలకలేదు

కొత్త మేడల కోసం వీధంతా కూల్చేటప్పుడు, ప్రతి గుమ్మం దగ్గరా ఆగి “లోపల ఎవరైనా ఉన్నారా?” అని పిలవాలన్నది నియమం. అధికారి పిలిచేవాడు పాపం, తన చెవికే వినబడనంత మెల్లగా. ఆపైన, “పిలిచినా పలకలేదు, కానివ్వు” అని బుల్డోజరు డ్రైవరుకు చెయ్యి ఊపేవాడు.

“కంఠంలో ప్రాణముండగా ఇల్లు విడవను” అని లోపల గడియ పెట్టుకున్న, బట్టలు కుట్టే ముసలమ్మ గుమ్మం దగ్గరా అంతే చేశాడు. సాయంత్రం ఆమె శవాన్ని ఇటుకల కింద నుంచి తీశారు.

ఆ రాత్రి అతని తలుపు అవతల ఎవరో గొణిగారు.

“లోపల ఎవరైనా ఉన్నారా, బాబూ?”

ముసలమ్మ గొంతే. అతను తలుపు మీద పడ్డాడు. గడియ కదల్లేదు.

“ఉన్నాను! ఉన్నానమ్మా!” అని గొంతు చించుకున్నాడు.

వీధిలో బుల్డోజరు గుర్రుమంది.

“పిలిచినా పలకలేదు,” అంది ముసలమ్మ ఎవరితోనో. “కానివ్వు నాయనా.”