అత్తగారు ఎంచిన సింకు

“ఇది చాలు బాబూ” అంటూ అత్తగారు కొట్టు మొత్తం మీద అన్నిటికంటే చిన్న సింకు మీద చెయ్యి వేసింది.

కోడలు తన చెవులను తాను నమ్మలేకపోయింది. హోటళ్ళలో చేతులు కడుక్కోవడానికి ఓ మూల బిగిస్తారే, అలాంటి సింకు అది. లోతు కూడా లేదు, ఒక్క కంచం పడితే పక్కన చెంచాకి చోటుండదు.

“అత్తయ్యా, కొత్త వంటింటికి మనం అనుకున్నది అదిగో, అటు ఉంది.”

“చూశానమ్మా. వద్దు.”

అటు ఉన్నది రెండు తొట్ల స్టీలు సింకు. ఎంత పెద్ద బాణలినైనా పడుకోబెట్టి తోముకోవచ్చు. పాత వంటింట్లో ఎన్ని పడేసినా నిండని సిమెంటు తొట్టి ముందు నడుం వంచి, ఇంటిల్లిపాది అంట్లూ ఒంటిచేత్తో లాక్కొస్తున్న కోడలికి ఈమధ్య కలలోకి వస్తున్నది ఆ సింకే. సబ్బునీళ్ళకి వేళ్ళ సందులు పగిలిపోయి, ఉప్పు ముట్టుకుంటే ప్రాణం లేచొస్తోంది. నిన్న ఆ వేళ్ళకి కొబ్బరినూనె రాస్తూ అత్తగారే కదా మాట ఇచ్చింది. “నీ చేతుల సంగతి నేను చూసుకుంటాను. కొట్లో నువ్వు నోరెత్తకు, అంతా నాకొదిలెయ్” అని. నమ్మి వదిలేసింది. వదిలేసినందుకు ఇదీ ఫలితం.

“హమ్మయ్య, అమ్మే తేల్చేసింది” అన్నాడు భర్త. “నేను చెబితే అలుగుతావు గాని, పెద్దవాళ్ళకి తెలియదా ఏం కావాలో?”

కొట్టతనికి మాత్రం మనసొప్పలేదు. “ఇంట్లో ఎంతమందమ్మా?”

“ఐదుగురం.”

“ఐదుగురికి ఇది ఏ మూలకీ రాదు. మధ్యాహ్నానికే అంట్లు కుప్పపడిపోతాయి. బిగించాక తెచ్చి మార్చమంటే మార్చను మరి.”

“మార్చమనంలే. కట్టించు.”

“మా ఆవిడ పని మీకు తెలీదులెండి” భర్త నవ్వాడు. “కుప్పపడేలోపే తోమేస్తుంది.”

కోడలు అత్తగారి మొహంలోకి చూసింది. ఆవిడ చూపు తప్పించి, చీర కొంగుతో సింకు మీది దుమ్ము తుడుస్తోంది. కోడలికి కోపం ముంచుకొచ్చింది. భర్త మీద కాదు. ఆయన ధోరణి ఎప్పుడూ అదే, కొత్తగా బాధపడేదేం లేదు. అండగా ఉంటానని చెప్పి, అవసరానికి అవతలి గట్టున తేలిన మనిషిని ఏమనాలో ఆమెకి తోచలేదు.

“కనీసం ఆ మధ్య రకమైనా తీసుకుందాం అత్తయ్యా.”

“చెప్పాను కదమ్మా.”

ఆటోలో సింకు భర్త ఒళ్ళో ప్రయాణం చేసింది. అత్తగారు మెల్లగా కోడలి చెయ్యి పట్టుకోబోతే, కోడలు చెయ్యి లాగేసుకుని బయటికి చూస్తూ కూర్చుంది. అత్త మంచీ వేప తీపీ లేవని ఎవరన్నా అంటే, మా అత్తయ్యని చూసి మాట్లాడండని ఇన్నాళ్ళూ ఎగిరెగిరి పడింది. అలా అన్నవాళ్ళందరూ ఇప్పుడు వరసగా గుర్తొచ్చి నవ్వుతున్నట్టే ఉంది.

సింకు బిగించడానికి మేస్త్రీ వచ్చిన రోజున అత్తగారు పక్కనే నిలబడి పురమాయించింది. స్టవ్వు సింకుని ఆనుకుని ఉండాలట. రెండో వైపున నీళ్ళ ఫిల్టరు. మూలన మిక్సీ. ఆవిడ సర్దుడు పూర్తయ్యేసరికి కొత్త గట్టు మీద జానెడు జాగా మిగల్లేదు.

“కడిగేముందు కంచాలు ఎక్కడ పెట్టుకోను అత్తయ్యా, నా నెత్తి మీదా?” ఆపుకుందామనుకున్నా ఆ మాట నోరు జారింది.

అత్తగారు చిన్నబుచ్చుకోలేదు సరికదా, ఫిల్టరుని ఇంకాస్త ఇటు జరిపింది.

ఆ రోజు కొత్త వంటింట్లో మొదటి వంట. కోడలు మూతి ముడుచుకునే వండింది, ముడుచుకునే వడ్డించింది. మామగారు, భర్త, మరిది వంట బాగుందని మెచ్చుకుంటూ రెండేసి సార్లు వడ్డించుకున్నారు. ఆమె మాత్రం తన కంచంలో అన్నం కెలుకుతూ, ఇక ఈ ఇంట్లో ఎవరికీ తన కష్టం చెప్పుకోకూడదని గట్టిగా అనుకుంది. చెప్పుకుని మోసపోవడం కన్నా, చెప్పకుండా చాకిరీ చేయడమే నయం.

భర్త అందరికంటే ముందు లేచాడు. అలవాటు ప్రకారం కంచం తీసుకెళ్ళి సింకులో పడేశాడు. ఆ చప్పుడుకి కోడలు కూడా అలవాటు ప్రకారం లేవబోయింది. పక్కనున్న అత్తగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి నొక్కింది.

“నువ్వు కూర్చో. కడుపు నిండా తిను.”

“అంట్లు ఉన్నాయి కదత్తయ్యా” అంది కోడలు ముభావంగా.

ఆవిడ లేచి వెళ్ళి, వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపలి నుంచి వస్తున్న కొడుకు ఆగిపోయాడు.

“జరుగమ్మా, వెళ్ళాలి.”

అత్తగారు జరగలేదు. కొంగు చాటు నుంచి కొత్త పీచు తీసి కొడుకు చేతిలో పెట్టింది.

“తొందరగా తోమెయ్ నాన్నా, ఆ సింకులో నీ కంచం తీస్తే గాని ఇంకోటి పట్టదు, నా వెనకాల మీ నాన్న కంచం పట్టుకుని నిలబడ్డారు, ఆయన వెనక మీ తమ్ముడు.”