నల్లప్ప కత్తి

పుంగనూరు పాత సామాన్ల కొట్టులో కొన్న మంగలికత్తికి సుధాకర్ నెల రోజులు తుప్పు గీకాడు. కొత్త పిడి బిగించాడు. పదును మాత్రం కుదరలేదు. దాన్ని రామసముద్రంలో ముసలి నల్లప్ప సెలూన్‌కు తెచ్చాడు.

నల్లప్ప సానరాయి మీద నూరుతున్నంతసేపూ సుధాకర్ కుదురుగా కూర్చోలేదు. మాటిమాటికీ వాకిలి బయటికి చూస్తున్నాడు.

"ఇది నా కత్తేనప్పా," అన్నాడు నల్లప్ప, కత్తి అలుగు మీది గుర్తును వేలితో తడిమి. "మావోడు పాత ఇనుముకు ఏసేసినాడు. యాడ దొరికింది నీకు?"

"మీవోడే సెప్పినాడు. వెతికి పట్టుకుంటిని."

నల్లప్ప కత్తిని తోలుపట్టీ మీద నాలుగుసార్లు లాగి, చేతి మీది వెంట్రుకలు గీసి చూశాడు. "బాగా తెగతాండాది. కూసో, గీస్తాను."

"నాకు కాదు, మా నాయనకు. బయట అరుగు మీద కూసోనుండాడు. అప్పట్లో మా దళితవాడోళ్లకు ఈ కత్తి పెట్టనని ఆయన్ని ఆడ్నుంచే పంపించేస్తివి."

 నల్లప్ప కత్తీ నీళ్ల గిన్నే తీసుకుని వాకిలి వైపు నడిచాడు.

సుధాకర్ అడ్డం నిలబడ్డాడు.

"ఆడ కాదప్పా, ఈ కుర్చీలో. నేను పిలిస్తే లోపలికి రాలేదు. నువ్వు పిలువు."